వెనక్కి కట్టుకున్న మొహం

నస్పూర్‌లో ఉండే మా అల్లుడు ఒకసారి నా కళ్ళకు పెట్టె లాంటిది బిగించి పులిని చూపించాడు. "అచ్చం అడవిల ఉన్నట్టే ఉంటది మామా, జర పైలం" అన్నాడు. పులి ఎదురుగా వచ్చి నోరు తెరిచింది. నాకు చెమట కూడా పట్టలేదు. అంత చక్కగా కనిపించేది పులే కాదు.

ఆ ఏడు పత్తి ఏరే రోజుల్లో పక్క ఊరి చేలో ఒక ఆడమనిషిని నిజం పులి వెనక నుంచి పట్టింది. మా బాపు కాలంలో అయితే డప్పులతో గుంపుగా కదిలేవారు. ఇప్పుడు అధికారులు వచ్చి ప్లాస్టిక్ మొహాలు పంచారు. తల వెనక్కి కట్టుకోవాలట. మొహం కనిపిస్తే పులి రాదట. మా ప్రాణాలకు ఇచ్చిన విలువ ఇదీ! ఒళ్ళు మండింది. కానీ పగిలిన పత్తి వాన పడితే నల్లబడుతుంది. కట్టుకున్నాం.

"గీ మొహమే నయమున్నదయ్యా. ఇంటికాడ గూడ గిదే పెట్టుకో" అంది నా భార్య.

మధ్యాహ్నం దాటాక పిట్టల చప్పుడు ఆగిపోయింది. వాగు ఒడ్డున పొద కదిలింది. తల ఎత్తితే, దూరంగా పత్తిచెట్ల మీదుగా ఆమె నన్నే చూస్తోంది. చేత్తో పిలిచాను. కదల్లేదు.

"రమ్మంటే అట్ల చూస్తవేందే?"

ఆ మొహం చిన్నదవుతోంది. అప్పుడు తెలిసింది, అది ఆమె మొహం కాదని. ఆమె ఏరుకుంటూ వాగు వైపే పోతోంది.

అరిస్తే పొదలోది దూకుతుందేమోనని చప్పుడు లేకుండా ఆమె వైపు పరుగు తీశాను. ఎండిన కాయలు పంచెను గీకుతున్నాయి. నా మెడ వెనక కూడా ఒక మొహం ఉంది. అది ఏం చూస్తోందో నాకు తెలియదు. అల్లుడి పెట్టెలో లేనిది ఇదే. అందులో నా మనిషి లేదు, నేను చూడలేని దిక్కు లేదు.

వెనక నుంచి భుజం పట్టుకున్నాను. ఆమె కెవ్వుమని కూలబడింది. ఒడిలోని పత్తి అంతా మట్టిపాలైంది.

"నువ్వా? పులే అనుకున్న గదయ్యా" అంది. పొద మళ్ళీ కదల్లేదు. అందులో ఏముందో చూడటానికి మేం పోలేదు.

మర్నాటి నుంచి మొహాలు తీసేశాం. ఒకే సాలుకు ఆ చివర ఆమె, ఈ చివర నేను, ఎదురెదురుగా ఏరుతాం. ఆమె వెనక నేను చూస్తాను, నా వెనక ఆమె చూస్తుంది. ఒక్కోసారి ఆమె చేతులు ఆగిపోతాయి. చూపు నా భుజం మీదుగా పోయి అక్కడే నిలుస్తుంది.

"ఏందే?" అంటాను.

వెంటనే చెప్పదు.