యానాం దారిలో బ్రాందీ సీసా

మా మనవడికి ప్రభుత్వ పనిమీద యానాం వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. మద్రాసులో విమానమెక్కితే విశాఖపట్నం రెండు మూడు గంటల ప్రయాణమేననీ, అక్కడినుంచి మోటారులో సాయంత్రానికల్లా యానాం చేరవచ్చుననీ, వాడు పటం మీద స్కేలు ఆనించి కొలిచి నాకు చూపించాడు. ఆ జానెడు గీతను చూస్తూ కూర్చున్నాను గానీ, వాడు చెప్పిన మైళ్లేవీ నా చెవికెక్కలేదు.

ఫ్రెంచివాళ్ల దొరతనంలో, నాకు పన్నెండేళ్లప్పుడు, యానాంలో కాపురముంటున్న మా అక్కకు మగబిడ్డ పుట్టాడనీ, ఆమెకు జ్వరం తగ్గడం లేదనీ, వెంటనే రమ్మనీ నెల్లితోపులోని మా ఇంటికి తంతి వచ్చింది. తొలికాన్పు మా ఇంట జరిగి బిడ్డ దక్కకపోవడంతో ఈసారి అత్తగారు పంపలేదు. మద్రాసుకు దక్షిణాన మా నెల్లితోపూ, ఉత్తరాన యానామూ, రెండూ ఆ ఫ్రెంచి దొరల ఊళ్లే అయినా నడుమ ఉన్నదంతా ఇంగ్లీషువాళ్ల సీమ. సరిహద్దు స్టేషనులో సుంకంవాళ్లు మూటలు చూసి వదిలితే విల్లుపురం, అక్కడినుంచి మద్రాసు, రాత్రి మెయిలు, సామర్లకోట, కాకినాడ, ఆపైన పడవ. ఒక్కచోట బండి తప్పితే ఒక రోజు పోయినట్టే.

మా ఊళ్లో బ్రాందీ ఇంటి మందు కూడా. బాలింతకు రెండు చుక్కలు వేడినీళ్లలో కలిపి పట్టని ఇల్లు మా వీధిలో ఉండేది కాదు. సుంకం కట్టకుండా దాన్ని సరిహద్దు దాటించకూడదని అందరికీ తెలుసు, మందుకు సుంకమేమిటని అందరికీ ధీమా. నాయనమ్మ సీసా నా చేతికిచ్చి, "బిడ్డకు పరిచే పాతగుడ్డల్లో పెట్టి కట్టవే, ఆ గుడ్డలు యాడ విప్పుతారులే" అంది. నాయనకు చెప్పలేదు. నేనే నాలుగు మడతలు చుట్టి ముడివేశాను. ఆ పని నాకప్పగించినందుకు ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

సుంకంవాళ్లు విప్పారు. తమ దగ్గర అలాంటి సరుకేదీ లేదని నాయన అప్పటికే చెప్పి సంతకం చేసి ఉండడంతో అది దొంగసరుకైంది. వాఙ్మూలం రాయించుకుని, పెద్ద అధికారిని పిలిపించి, అన్నీ అయ్యేసరికి మా కళ్లముందే బండి కదిలిపోయింది. అమ్మ ప్లాట్‌ఫారం మీద కూలబడి, "ఆ సీసా మీరే పెట్టుకోండయ్యా, నన్ను నా బిడ్డ దగ్గరికి పోనీండి" అని, అరవం బాగా వచ్చి కూడా, తెలుగులోనే వేడుకుంది.

మద్రాసులో మెయిలు తప్పింది. మరునాటి మెయిలెక్కి యానాం రేవులో దిగేసరికి, ముందురోజు సాయంత్రమే పోయిన అక్కకు దహనం కూడా అయిపోయింది. చివరిదాకా "అమ్మ యాడిదాకా వచ్చింది" అని అడుగుతూనే ఉందట. రాజమండ్రి దాటిందనీ, సామర్లకోటలో దిగిందనీ అత్తగారు పాపం అబద్ధాలు చెబుతూ వచ్చిందట. అప్పటికి మేమింకా మద్రాసు స్టేషనులో మూటల మీద కూర్చుని ఉన్నాం. ఆ సీసా గురించి అమ్మ బతికినన్నాళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ పసివాణ్ణి అమ్మా నేనూ పెంచాం. వాడి కొడుకే ఈ మనవడు. ఇప్పుడు ఆ సరిహద్దూ లేదు, మూటలు విప్పే సుంకంవాళ్లూ లేరు, మా రోజుల ప్రయాణం వీళ్లకు గంటల్లోకి వచ్చింది. అంతా తెలిసి కూడా, నిన్న వాడు స్నానానికి వెళ్లినప్పుడు వాడి పెట్టె తెరిచి, బట్టల మడతలన్నీ ఒక్కొక్కటే విప్పి చూసి, మళ్లీ సర్ది పెట్టాను.