ఎండాకాలం సగం కిరాయి

నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు మేమిద్దరం ఆడపిల్లలం ఉన్న గది ఓనరమ్మకు ఒక అలవాటు ఉండేది. తాళం వేసి, రెండుసార్లు గుంజి చూస్తే గానీ మాట్లాడేది కాదు.

ఎండాకాలం మేము ఊళ్లకు పోయినా సగం కిరాయి కట్టాల్సిందే. "గదిల లేనోళ్లకు కిరాయేందమ్మా?" అంటే, "సామాను ఉన్నదంటే మనిషి ఉన్నట్టే బిడ్డా" అనేది. ఆ రెండు నెలలూ మా మంచాల మీద తన మిరపకాయల బస్తాలు వేసుకునేది. తిరిగొచ్చాక వారం దాకా మాకు తుమ్ములే.

రెండో ఏడు సెలవుల్లో నా రూమ్మేట్ గొర్ల వెంట పోయి వడదెబ్బకు చనిపోయింది. జూన్‌లో నేను గది ఖాళీ చేస్తున్న రోజే, వాళ్ల నాయిన ఆమె పెట్టె కోసం వచ్చాడు. ఓనరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి సగం కిరాయి అడిగింది.

"పిల్లనే లేకపాయె గదమ్మా" అన్నాడాయన.

"సామాను ఉన్నదంటే మనిషి ఉన్నట్టే."

ఆయన లోపలున్న ఆ పెట్టె దిక్కు చూశాడు. రుమాలు ముడి విప్పి, డబ్బులు ఆమె చేతిలో పెట్టాడు.

"గట్లయితే పెట్టె ఈడనే ఉండనియ్యి తల్లీ."

ఆమె తాళం వేసి, రెండుసార్లు గుంజింది.

"ఈ నెల సంది పూర కిరాయి" అంది.