పోలమ్మ ఇంటికి నేను పంపిన ఇంగ్లీషు నోటీసు

ఒకే ఒక్క ఇంగ్లీషు మాటతో నేను మైపాడు దగ్గర చేపలు పట్టేవాళ్ళ పాళెం మొత్తానికి అన్నం సయించకుండా చేశాను. ఇరవై ఏళ్ళుగా చక్కగా కాపురం చేసుకుంటున్న ఆలుమగల మధ్యకు లేని ఆడమనిషిని తెచ్చి నిలబెట్టాను. చివరికి మా అత్తమ్మ దేవుడికిచ్చిన మాటను మా ఇంటి గడప మీదే విరగ్గొట్టబోయాను. ఇదంతా పందొమ్మిదేళ్ళ వయసులో, ఆరో నెల కడుపుతో, పీట మీద కూర్చుని, కాలు కదపకుండా సాధించిన ఘనకార్యం. స్వామి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు గనుకనే ఇప్పుడిలా రాయగలుగుతున్నాను. మీరూ ధైర్యంగా నవ్వవచ్చు.

నేను బడికి పోలేదు. కొడవలూరులో మా నాయనే నాకు బడి. ఆయన కొన్నాళ్ళు నెల్లూరులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉండి, తర్వాత ఊరికి వచ్చి సేద్యంలో పడ్డాడు. పొద్దున్నే దీపం పెట్టి రెండు పద్యాలు చదివాక, రోజుకొక ఇంగ్లీషు మాట చెప్పేవాడు. చెప్పి వదిలే రకం కాదు. ఆ మాటను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో తేలేదాకా నన్ను చద్దన్నానికి లేవనిచ్చేవాడు కాదు.

అలా ఒకరోజు ‘బ్రీచ్’ వచ్చింది.

“కాలవ కట్టకు గండి పడితే బ్రీచ్. ఇద్దరి మధ్య మాటకు గండి పడినా బ్రీచే,” అన్నాడు నాయన. “ఒప్పందం తప్పితే బ్రీచ్ ఆఫ్ కాంట్రాక్ట్. ఇచ్చిన మాట తప్పితే బ్రీచ్ ఆఫ్ ప్రామిస్. నమ్మి అప్పజెప్పింది మింగితే బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్. ఈదిలో పడి కొట్టుకుంటే బ్రీచ్ ఆఫ్ పీస్.”

“నాలుగూ ఒకటేనా నాయనా?”

“ఒకటెట్టా అవతాయి? చీర, పంచె, తువ్వాలు, గోనెపట్టా నాలుగూ గుడ్డలే. నాలుగూ కట్టుకోని పెళ్ళికి పోతావా?”

పోనని చెప్పాను. కానీ ఆకలి మీదున్నాను గదా, నాలుగు పేర్లు కంఠతా వచ్చాయి, వాటి మధ్య తేడా మాత్రం మజ్జిగన్నంలో కలిసి లోపలికి పోయింది.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో నాకు తోటపల్లి గూడూరు దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళయింది. అత్తవారింటికీ, పాళెం నుంచి చేపలు తెచ్చే పోలమ్మకూ మధ్య మా మామగారి కాలం నుంచి ఒక ఒప్పందం నడుస్తూ ఉండేది. పోలమ్మ గంపతో ఊళ్ళోకి అడుగుపెడితే ముందు మా వాకిట్లోనే దించాలి. మంచి చేప మేం ఏరుకున్న తర్వాతే తక్కిన ఊరికి. దానికి బదులు కోతలప్పుడు మా కళ్ళంలో ఆమెకు వడ్లు. కాగితం లేదు, సాక్షి లేడు. నోటి మాట మీద బండి ఏళ్ళ తరబడి చక్కగా నడిచింది, నేను చక్రంలో ఇంగ్లీషు పెట్టేదాకా.

అంతకుముందు ఏడు నాకు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచింది. నాలుగో నెల వచ్చేసరికి వాంతులు తగ్గి, వాటి చోట ఒక కోరిక వచ్చి కూర్చుంది. మామిడికాయ ముక్కలేసిన వంజరం చేపల పులుసు. పూజలో కళ్ళు మూసుకుంటే స్వామి బదులు పులుసు దాక కనబడేది. లెంపలేసుకుని మళ్ళీ మూస్తే దాక మీద ఆవిరి కూడా కనబడేది.

సరిగ్గా అప్పుడే పోలమ్మ మా ఇంటికి రావడం మానేసింది.

“అత్తమ్మా, పోలమ్మ రాలేదే?”

“సముద్రంలో చేపల్లేవంట,” అంది అత్తమ్మ గోంగూర గిల్లుతూ.

నమ్మాను. అంత పెద్ద సముద్రం ఖాళీ అయిపోయిందే పాపం అని జాలిపడి, ఆ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు దాని తరఫున కూడా ఒక దణ్ణం పెట్టుకున్నాను.

వారం ఆగి మళ్ళీ అడిగాను.

“గాలి ఎక్కువగా ఉండాదంట. పడవలు పోలేదంట.”

మూడోసారి అడిగితే, “నీకెందుకమ్మాయ్, బీరకాయ తిను,” అంది.

తిన్నాను. నెలన్నర పాటు బీరకాయ, పొట్లకాయ, సొరకాయ తిని తిని, నా చేతులకు తీగలు గాని వస్తున్నాయేమోనని పొద్దున లేవగానే చూసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం గోడ అవతలినుంచి వాసన వచ్చింది. వంజరం, మామిడికాయ, మెంతిపొడి. మూడూ ముక్కుకు విడివిడిగా అందాయి. గోడ దగ్గరికి పోయి పక్కింటి రమణక్కను పిలిచాను.

“చేపలు యాడివక్కా?”

“యాడివేంది, పోలమ్మ తెచ్చింది. దినం మార్చి దినం వస్తానే ఉండాదే. మీ వాకిలి ముందు రాకుండా, కాలవగట్టున చుట్టు తిరిగి మా పెరట్లోకి వస్తుండాది. మీకూ ఆమెకూ మాటలేమన్నా అయినాయేమో అనుకుంటి.”

ఆ క్షణాన నా కడుపులో బిడ్డ, నెత్తిన నాయన చెప్పిన చదువు, రెండూ ఒకేసారి కదిలాయి.

మా ఆయన పొలం నుంచి రాగానే చెప్పాను. ఆయన నిదానస్తులు. “పాళెం ఎంత దూరం? రేపు నేనే పోయి అడిగొస్తాలే,” అన్నారు.

“అడిగేదేముంది? ఇది బ్రీచ్.”

“అంటే?”

“నాలుగు రకాలు.”

ఆయనకు ఎద్దులకు నీళ్ళు పెట్టాలన్న సంగతి గుర్తొచ్చింది.

మర్నాడు అత్తమ్మ గుడికి పోయినప్పుడు కూర్చుని నోటీసు రాశాను. పోలమ్మ పేర కాదు, ఆమె మొగుడు కోటయ్య పేర. ఇంగ్లీషు కాగితం ఇంటి యజమానికే రాయాలని నాకు నేనే చట్టం చేసుకున్నాను. ఒక్క బ్రీచ్ రాసి మూడు వదిలేస్తే నాయన పడిన కష్టం వృథా అవుతుందని నాలుగూ వరసగా దించాను. చేసిన పనేమిటో మాత్రం రాయలేదు. అది వాళ్ళకు తెలియదా ఏమిటి, అనుకున్నాను. చివర్లో ఏడు రోజులు గడువు పెట్టి, కింద సంతకం చేసి, రెండు గీతలు గీసి, పోస్టుమాన్ చేతికిచ్చాను. అతను కవరు మీద ఇంగ్లీషు చూసి నన్ను ‘అండీ’ అన్నాడు. ఇక నన్ను పట్టేదెవరు?

ఆరో రోజు పొద్దున మా వాకిట్లోకి ముగ్గురు వచ్చారు. ముందు పాళెంలో బడి నడిపే పంతులు, నా ఉత్తరాన్ని హారతి పళ్ళెంలా రెండు చేతులా పట్టుకుని. ఆయన వెనక కోటయ్య, ఇద్దరు మోయాల్సిన గంప ఒక్కడే నెత్తిన పెట్టుకుని. అతని వెనక పోలమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని. అత్తమ్మ పెరట్లో పిడకలు కొడుతోంది. నేను వసారాలో పీట మీద, జడ్జీలాగా.

“ఇది రాసింది తమరేనా అమ్మా?” అన్నాడు పంతులు.

“నేనే.”

“ఇంగ్లీషు బాగుందమ్మా. నేరాలే కొంచెం ఎక్కువైనాయి.”

కోటయ్య గంప దించకుండానే మొదలుపెట్టాడు. “నాలుగంట గదా చిన్నమ్మా నా మీద. కాంట్రాట్టు సంగతి నాకు తెలవదు, నేను రోడ్డు పని జేయలా. ట్రస్టంటే నమ్మి ఇచ్చింది మింగేదంట, పాళెమోళ్ళు నా కాడ దాసుకున్న దుడ్డు ఏమైపోయిందోనని అందరూ కూడు మానుకోని కూర్చోనుండారు. పీసంటే కొట్లాట కేసంట. పోయిన నెల వల కాడ మా తమ్ముడి చొక్కా పట్టుకున్న మాట మీ దాకా ఎవురు మోసినారో గాని, వాడితో రాజీపడినా. మూడేండ్లుగా మాటల్లేవు మాకు. నిన్న వాడు మా ఇంట్లో అన్నం తిన్నాడు.”

“మంచిదే గదా,” అన్నాను, అది కూడా నా ఖాతాలో వేసుకుంటూ.

“అది మంచిదే తల్లీ. ఆ ప్రామిసేంది? ఒక ఆడమనిషికి పెళ్ళి చేసుకుంటానని చెప్పి తప్పితే ఈ కేసు పెడతారని పంతులంటాడు. నాలుగు దినాల్నించి ఇది నాకు కూడు పెట్టలా.”

“పెట్టను,” అంది పోలమ్మ. “ఆ ఆడది ఎవురో తేలాల. చిన్నమ్మకు తెలవకుండానే కాగితం మీద రాస్తాదా?”

“నా మొకం జూసి చెప్పు చిన్నమ్మా. ఈ మొకాన్ని ఇంకొక ఆడది కావాలంటాదా?” అన్నాడు కోటయ్య.

“అదైతే నిజమే,” అన్నాడు పంతులు.

“ఆడమనిషెవరూ లేరు. ప్రామిస్ అంటే చేపలు,” అన్నాను.

“చేపలా?” అన్నారు ముగ్గురూ.

“పోలమ్మ నెలన్నరగా మా ఇంటికి చేపలు తేలేదు. ఊరంతా తిరుగుతోంది, మా గడప తొక్కడం లేదు. మాట తప్పింది. అదే బ్రీచ్.”

కోటయ్య గంపతో సహా పెళ్ళాం వైపు తిరిగాడు. “ఈళ్ళింటికి పోయేది మానేసినావా? ఎందుకుమే?”

పోలమ్మ నేల చూపులు చూసింది. “మానేసినా. ఎందుకని అడగబాక.”

“ఇన్నేండ్లు ఈళ్ళ వడ్లు తిని, అడగబాకంటే?”

“అడగబాకంటి గదా.”

“చూశారా పంతులుగారూ,” అన్నాను నేను, “కారణం కూడా లేదు.”

కోటయ్య నిట్టూర్చాడు. “తప్పు మాదే చిన్నమ్మా. దీంట్లో వంజరాలుండాయి, చందువలుండాయి. లోపల పెట్టి పోతా, కేసు కొట్టేయించు.”

“వంటింట్లో పెట్టు,” అన్నాను. నోట్లో నీళ్ళు నిండి మాట సగమే బయటికొచ్చింది.

అతను గడప దగ్గరికి వచ్చేసరికి, పెరట్లోంచి అత్తమ్మ పరుగెత్తుకొచ్చి, పేడ చేతులు రెండూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“వద్దు. గంప వాకిట్లోనే ఉండనీ.”

“ఎందుకత్తమ్మా?”

“వద్దంటే వద్దమ్మాయ్.”

“కాంట్రాక్ట్ అత్తమ్మా.”

“నీ కంట్రాట్ కాలవలో పడెయ్యి.”

“అడ్డం లెయ్యి పెద్దమ్మా, నన్ను జైల్లో ఏస్తారు,” అంటూ కోటయ్య ఆమె చేతి కిందనుంచి దూరబోయాడు. గంపలోంచి ఒక వంజరం జారి, తోక గడప మీదికి వాలింది. అత్తమ్మ కళ్ళు మూసుకుని “నరసింహా” అంది. ఆ గొంతు నేను ఆమె నోట ఎన్నడూ వినలేదు. నా నోట్లో ఊరిన నీళ్ళు అక్కడే ఆగిపోయాయి.

పోలమ్మ ఒక్క అంగలో వచ్చి మొగుడి పంచె పట్టుకుని వెనక్కి లాగింది. కోటయ్యా, గంపా వాకిట్లో కూలబడ్డారు.

“పెద్దమ్మ చెప్పకూడదు. నేనే చెప్తా,” అంది పోలమ్మ రొప్పుతూ. “పెంచలకోన నరసింహసామికి మొక్కుకోనుండాది. నీ కడుపులో బిడ్డ నిలిచి ఏడో నెల నిండిందాకా ఈ గడప లోపలికి నీసు రానీనని. ఎవురి కోసం మొక్కినారో వాళ్ళకు మొక్కినోళ్ళ నోటితో చెప్పకూడదంట. అందుకని నా చెయ్యి పట్టుకోని, ‘మా వాకిలి తొక్కబాకమే, ఎందుకని ఎవురికీ చెప్పబాక’ అన్నది. చెప్పనని మాటిచ్చినా. కట్టుకున్నోడికి గూడా చెప్పలా. ఇదిగో, ఇప్పుడు తప్పినా. రాసుకో చిన్నమ్మా, నాలుగింట్లో ఏదో ఒకటి.”

ఏది రాయను? నెలన్నరగా కాలవగట్టున చుట్టు తిరిగి, గంప బరువు మోసుకుంటూ, నా బిడ్డ కోసం మాట నిలబెట్టిన మనిషి ఆమె. మాట తప్పావని నేను నోటీసు పంపింది సరిగ్గా ఆమె ఇంటికి. అంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి ఉంది. చేప ముక్క లేనిదే అత్తమ్మకు ముద్ద దిగదు. ఆ నెలన్నరా నా పక్కన కూర్చుని బీరకాయ తిన్నది ఆమే.

అత్తమ్మ గడప మీద కూర్చుండిపోయింది. “నేను చెప్పలా గదా పోలమ్మా?”

“నువ్వు చెప్పలా పెద్దమ్మా. పంతులే సాక్షి.”

“సాక్షినే,” అన్నాడు పంతులు. “ఆ తోక సంగతే…”

“తోక గడప మీద పడింది. దాటలా,” అంది పోలమ్మ.

పంతులు కళ్ళజోడు సవరించుకుని, వంగి, గడపను ఈ కొస నుంచి ఆ కొసకు పరిశీలించి, “దాటలేదు,” అని తీర్పు చెప్పాడు. అసలు జడ్జీ ఎవరో నాకప్పుడు తెలిసింది.

నేను పోలమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టబోతే, “కడుపుతో వంగబాక” అని చేతులు పట్టుకుంది. గంప గోడ దాటి రమణక్క ఇంటికి పోయింది. వచ్చిన ముగ్గురికీ మా ఇంట్లో భోజనం, పొట్లకాయ కూర. కోటయ్యకు పోలమ్మే వడ్డించింది, నాలుగు రోజులది కలిపి. అత్తమ్మ నా విస్తట్లో ఇంకో గరిటె పెరుగు వేసింది. నాకోసం నోరు మూసుకున్నవాళ్ళు ఇందరున్నారని ఆ పూట గాని నాకు తెలియలేదు. అప్పటినుంచి పూజలో ముందు వాళ్ళ పేర్లే చెప్పుకుంటున్నాను.

ఏడో నెల నిండిన మర్నాడు తెల్లారకముందే పోలమ్మ మూరెడు వంజరంతో వచ్చి, నేరుగా గడప దాటింది. అత్తమ్మ స్వయంగా పులుసు పెట్టింది. వేడి అన్నంలో పోసి నా ముందు పెట్టారు. ఇద్దరూ ఎదురుగా కూర్చుని నా మొహం చూస్తున్నారు. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాను. ఆ వాసనకు కడుపులో సముద్రం మొత్తం లేచింది. చెయ్యి కూడా కడుక్కోకుండా పెరట్లోకి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి అత్తమ్మ రెండో ముక్క ఒలుచుకుంటోంది. పోలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని నన్ను చూసి, “నాలుగు కేసులు పెట్టి తెప్పించుకున్న చేప చిన్నమ్మా,” అంది.

ఆడపిల్ల పుట్టింది. పెంచలమ్మ అని పేరు పెట్టుకున్నాం. చేపలంటే ప్రాణం దానికి.

కాబట్టి పాఠకులారా, ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై పులుసు కోసం ఏ భాషలోనూ, ఎవరికీ, ఎన్ని నెలల కడుపుతో ఉన్నా నోటీసు పంపను. ఏ దేవుడి మీద ప్రమాణం చేశానో మాత్రం అడగకండి. అది నా నోటితో చెప్పకూడదు.