డెబ్బై దగ్గర ఆగిన అంకె

దయ్యాలున్నాయంటే నవ్వేదాన్ని. కాకినాడలో ఐసీయూ నర్సుని నేను. మార్చురీ పక్క గదిలో కూర్చుని పెసరట్టు తిన్న రోజులున్నాయి. అందుకే ఇది రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది.

మా బావగారికి గుండెపోటు వచ్చి నాడి బాగా పడిపోయింది. తాత్కాలికంగా పేస్‌మేకర్ పెట్టి, నిమిషానికి డెబ్బై సార్లు కొట్టుకునేలా ఉంచారు. ఆపరేషన్‌కి హైదరాబాద్ తీసుకెళ్ళాలన్నారు. మా అక్క మొండిఘటం. ఎయిర్ అంబులెన్స్ కుదిరేదాకా మమ్మల్నెవర్నీ కూర్చోనివ్వలేదు.

మా ఆసుపత్రి అంబులెన్స్‌లో రాజమండ్రి బయట, కోరుకొండ వైపున్న విమానాశ్రయానికి తీసుకెళ్ళాం. చిన్న విమానం, తోడుకి ఒక్కటే సీటు. తీరా ఎక్కబోతుంటే అక్కకి కళ్ళు తిరిగాయి. విమానంతో వచ్చిన డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని చూశారు.

"నాడి నూట ముప్పై ఉందమ్మా. ఈ స్థితిలో మిమ్మల్ని ఎక్కించుకోలేనండి" అన్నారు.

అక్కని అలా వదిలి నేనూ ఎక్కలేకపోయాను. బావగారు ఒక్కరే వెళ్ళారు.

అక్క ఏడవలేదు. "రాజమండ్రిలో కారు మాట్లాడవే. మీ బావ కళ్ళు తెరిచేసరికి నేను పక్కనుండాలి" అంది.

మళ్ళీ అంబులెన్స్ ఎక్కి బయల్దేరాం. బావగారి వేలి నుంచి తీసిన, నాడి చూపించే క్లిప్పు ఇంకా మా మానిటర్‌కి వేలాడుతోంది. హడావుడిలో మానిటర్ ఆపడం మర్చిపోయాను. అన్ని రోజులూ ఆ అంకెనే చూస్తూ కూర్చున్న మనిషి కదా, అక్క ఆ క్లిప్పు తన వేలికి పెట్టుకుంది.

డెబ్బై చూపించింది. గతుకుల్లో కూడా అంకె కదల్లేదు. లాక్కుని నా వేలికి పెట్టుకున్నాను. డెబ్బయ్యే. మిషన్ పాడైందనుకున్నాను.

"ఇటియ్యి. అది మీ బావది" అంది అక్క.

అంతలో డ్రైవర్‌కి ఫోన్ వచ్చింది. ఇంజన్ ఫెయిలై విమానం జీడితోటలో కూలిపోయిందట. ఎవరూ మిగల్లేదట. నా కళ్ళు మానిటర్ మీదికే పోయాయి. డెబ్బై.

"బండి తిప్పండి" అంది అక్క డ్రైవర్‌తో.

తోట దగ్గర పోలీసులు అడ్డుకున్నారు. "లోపల మా ఆయన ఉన్నారండి. తప్పుకోండి" అంటూ, ఆ చిన్న మానిటర్ చంకలో పెట్టుకుని, క్లిప్పు వేలికి ఉండగానే లోపలికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. బావగారు చెట్ల మధ్య పడి ఉన్నారు. అక్క కూలబడి ఆయన గుండె మీద చెయ్యి వేసింది. అప్పుడు పోయింది అంకె. కాసేపు గీతలు. తర్వాత నూట నలభై వచ్చింది. అది అక్కది.

మా టెక్నీషియన్ మిషన్ విప్పి చూసి ఏ లోపమూ లేదన్నాడు. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరుగారు, పడిన క్షణంలోనే ప్రాణం పోయిందన్నారు. ఇద్దరి మాటా నేను నమ్ముతాను. నాకు ఏడుపొచ్చేదీ అక్కడే.

అక్క మాత్రం ఎప్పుడు కలిసినా ఒకటే అడుగుతుంది. "నర్సువి కదే, నువ్వు చెప్పు. నేను వెళ్ళేదాకా ప్రాణం ఉందా?"

ఉందంటే, ఆ తోటలో అంతసేపూ నొప్పి భరిస్తూ తన కోసం కాచుకున్నారని చెప్పినట్టు. లేదంటే, అక్క చంకలో మోసుకెళ్ళింది ఎవరి నాడో చెప్పాలి.