సంగటి దినాన మానేసిన మాత్ర

రాగి సంగటి ముద్దను పప్పులో అద్దబోతూ నాయన దగ్గాడు. నోటికి అడ్డం పెట్టుకున్న తుండుగుడ్డను గబుక్కున మడిచేశాడు. ఆ మడతలో నల్లటి జీరతో నెత్తురు.

"ఏం లేదు పాపా, పాత కట్టె దుమ్ము" అన్నాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే నాయన మమ్మల్ని విడిచిపోయాడు. ఇది రాస్తుంటే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

కాయలు తీశాక మిగిలే వేరుశనగ కట్టెను పశువుల మేతకు కుప్పగా పేర్చి వామి వేయాలంటే కళ్యాణదుర్గం చుట్టుపక్కల నాయననే పిలిచేవారు. మా ఎద్దులకు మాత్రం ప్రతి పిడికెడూ ముక్కు దగ్గర పెట్టుకొని, బూజు లేదని తేలాకే వేసేవాడు.

"ఏమప్పా, ఎద్దుకు విస్తరేసి వడ్డిస్తావా?" అని పక్కచేని రామప్ప ఎగతాళి చేసేవాడు.

"పాసిపోయిన కూడు పెడితే నువ్వు మీ యమ్మను తిడతావు. దానికి తిట్టేకి నోరుండాదా?"

ఈ ఏడు అకాలవానకు వామి తడిసింది. నాలుగు రోజులు కూర్చొని కట్టెంతా వాసన చూసి ఏరాడు.

నాయనకు ఏడేళ్లుగా షుగర్. అమ్మకూ ఉంది. "సంగటి తిన్న దినం మాత్ర యాలమ్మా? అది అన్నం తినేవాళ్లకు" అనేవాడు. డిగ్రీ చదివిన నేను నవ్వి ఊరుకున్నాను.

మొదట దుమ్ము దగ్గనుకున్నాం, తర్వాత క్షయ అనుకున్నాం. చివరికి అనంతపురంలో డాక్టరు చెప్పాడు: "ఇది ఊపిరితిత్తుల్లో బూజు, తల్లీ. కుళ్లిన మేతలో, మట్టిలో ఉంటుంది. అందరూ పీలుస్తారు. షుగర్ అదుపు తప్పినవాళ్లలో ఎక్కడో ఒకరికి ఇలా నాటుకుంటుంది."

ఆక్సిజన్ గొట్టంతోనే నాయన అడిగాడు: "ఎద్దులకు మేత ఎవురేస్తాండారు? వాసన చూసి వేయమను."

"ముక్కుకు గుడ్డ కట్టుకొని వేస్తార్లే నాయనా."

"గుడ్డ కట్టుకుంటే వాసనెట్ల తెలుస్తాది పిచ్చిదానా?" అని నవ్వాడు. నేను చూసిన ఆఖరి నవ్వు అదే.

నోరులేని జీవానికి అంత శ్రద్ధగా వడ్డించే చేయి మా ఊళ్లో ఇక లేదు. ఆ శ్రద్ధలో కొంచెం తన మీద పెట్టుకోమని గట్టిగా చెప్పలేకపోయాను.

నాయన పెద్దదినం కర్మ ముగిసిన మరుసటి పొద్దున అమ్మ సంగటి కెలికింది. నేనిచ్చిన మాత్రను పక్కన పెట్టి, "ఈ పొద్దు సంగటే కదా" అంది. తాత మాట గుర్తొచ్చి నా పిల్లలిద్దరూ పకపకా నవ్వారు.

వాళ్లను దగ్గరకు తీసుకొని చెప్పాను: "సంగటైనా, అన్నమైనా, అవ్వ మాత్ర మింగేదాకా మీరు ముద్ద ముట్టొద్దండి. తాత ఆ మాటన్నప్పుడు నేనూ మీ మాదిరే నవ్వినాను."