క్యాసెట్ చివరిదాకా

నా చిన్నప్పుడు కోరుట్లలో మా వాడ ఇళ్ళల్లో మగవాళ్ళ కన్నా వాళ్ళ గొంతులే ఎక్కువగా ఉండేవి. మగవాళ్ళు గల్ఫ్‌లో ఉండేవారు, వాళ్ళ మాటలు క్యాసెట్లలో వచ్చేవి. సెలవు మీద వచ్చే ఎవరి చేతో ఒక క్యాసెట్ పంపిస్తే ఇంటిల్లిపాదీ టేప్‌రికార్డర్ చుట్టూ చేరి వినేవారు. తిరిగి వెళ్ళే మనిషి దొరకగానే అదే క్యాసెట్ మీద తమ మాటలు రికార్డు చేసి పంపేవారు. వచ్చిన మాటలు చెరిగిపోయేవి. అందరూ అలాగే చేసేవారు, అది నష్టమని ఎవరికీ తోచలేదు.

పక్కింటి అక్క వాళ్ళ నాన్నను నేను పెద్దబాపు అనేదాన్ని. ముఖం సరిగ్గా గుర్తుండేది కాదు గానీ గొంతు మాత్రం బాగా తెలుసు. అక్క పదో తరగతి, బడిలో ఎప్పుడూ మొదటిదే. ఆ ఏడు గురుకుల కాలేజీ పరీక్ష రాసింది. రాష్ట్రమంతా రాసే పరీక్ష, తీసుకునేది కొద్దిమందినే. ఆ సంగతి మా వాళ్ళెవరూ తలకెక్కించుకోలేదు. "మా పొల్లకు గాక ఇంకెవలకస్తది" అనేవారు. పెద్దబాపు అయితే ప్రతి క్యాసెట్ చివరా "సీటు ఖాయం బిడ్డా" అనేవాడు. ఆ మాట దగ్గరికి రాగానే అక్క తల వంచుకునేది. నేను సిగ్గనుకునేదాన్ని. అది భయమని ఇప్పుడు తెలుస్తోంది.

సీటు రాలేదు. అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. సరిగ్గా అప్పుడే మా వాడలో ఒకాయన గల్ఫ్‌కు తిరుగు ప్రయాణమయ్యాడు, క్యాసెట్ ఇచ్చి పంపాలి. అక్క వాళ్ళమ్మకు, అంటే మా పెద్దమ్మకు, దిగులు పట్టుకుంది. ఎండలో కష్టపడే మనిషి, ఈ మాట వింటే ఏమైపోతాడో అని. వచ్చే ఎండాకాలం సెలవుకు వస్తాడు కదా, ఎదురుగా కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పవచ్చులే అనుకుంది. అక్కేమో అబద్ధం చెప్పనని మొండికేసింది. దాంతో పెద్దమ్మ నన్ను పిలిచింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ టేప్‌రికార్డర్‌లో రెండు బటన్లు ఒకేసారి ఒత్తితేనే రికార్డు అయ్యేది. అవి ఒత్తాలని నాకు ఎప్పటినుంచో కోరిక, ఎవరూ చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. ఆ రోజు ఒత్తనిచ్చారు. "పెద్దబాపూ, అక్కకు సీటచ్చింది!" అని అరిచాను. ఎంత బాగా చెప్పానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. గోడవారగా నిలబడి ఉన్న అక్క వైపు చూడనైనా చూడలేదు.

నెలన్నరకు జవాబు వచ్చింది. పెద్దబాపు నవ్వుతున్నాడు. "నేను జెప్పలే? ఖాయమని జెప్పలే?" అంటున్నాడు. తర్వాత ఆయనతో గదిలో ఉండేవాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడారు. కొడిమ్యాల ఆయన, వీర్నపల్లి ఆయన, సిరిసిల్ల ఆయన, ఇంకా ఎవరెవరో. అక్క ముఖమైనా ఎరగని మనుషులు. ఒక వైపు టేపంతా వాళ్ళ సంతోషమే. "మంచిగ సదువు బిడ్డా, మా పొల్లకు గూడ నీ ముచ్చటే జెప్తున్న" అని ఒకాయన అంటుండగా పెద్దమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క నన్ను లోపలికి పిలిచి తలుపు వేసింది. తిడుతుందనుకున్నాను. "అప్పుడు నువ్వే ఒత్తినవ్ గద, ఇప్పుడు గూడ నువ్వే ఒత్తు" అంది. ఒత్తాను.

"బాపూ, నాకు సీటు రాలే. చెల్లెతోని మేమే జెప్పిచ్చినం. అది చిన్నది, దాన్నేమనకు."

అంతే. నేను ఆపబోతే చెయ్యి పట్టుకుంది. అక్కడ ఆపితే ఆ గదివాళ్ళ మాటలు టేపులో మిగిలిపోతాయి, బాపు వాటిని మళ్ళీ వినకూడదంది. అందుకని ఆ వైపు అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. అరగంట. చప్పుడు టేపులోకి పోకూడదని అక్క ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ మనుషులంతా ఒకరి తర్వాత ఒకరు చెరిగిపోతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. నేను చెప్పిన ఒక్క మాటకు ఇంత జరిగింది.

తర్వాత వచ్చిన క్యాసెట్‌లో పెద్దబాపు ఒక్కడే ఉన్నాడు. పక్కవాళ్ళకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఈడ ఎవ్వలకు జెప్పలే బిడ్డా, నోరు రాలే. నీ క్యాసెట్ ఆఖర్దాంక ఇన్న. నువ్వు మాట్లాడుడు బంద్ జేసినంక గూడ ఇన్న. ఏడ్సినవ్ గద? నాకు ఇనవడ్డది." చివరికి, "ఖాయమన్నది నేను. నువ్వెప్పుడన్న అన్నవా?" అన్నాడు.

ఆ క్యాసెట్ మీద ఇంకేమీ రికార్డు చేయలేదు. జవాబుకని అక్క కొత్తది కొనుక్కొచ్చింది. మా ఊరి కాలేజీలోనే చేరింది గానీ మళ్ళీ ఏ ఎంట్రన్సూ రాయలేదు.

ఇప్పుడు నా కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. మనవరాలు ఇక్కడ నా దగ్గరే ఉండి, దేశమంతా పోటీ పడే ఇంజనీరింగ్ కాలేజీల పరీక్ష రాసింది. అది ఇంటర్ చదివిన రెండేళ్ళూ ఈ ఇంట్లో ఎవరినీ ఖాయమన్న మాట అననివ్వలేదు. చుట్టాలు "సీటు పక్కానే గద?" అంటే మాట మార్చేదాన్ని. ముసల్దానికి చాదస్తమని పేరు తెచ్చుకున్నాను.

మొన్న ఫలితాలు వచ్చాయి. సీటు వచ్చే ర్యాంకు కాదు. పిల్ల తనే వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి చెప్పింది. చెప్పాక ఏడుపు అందుకుంది. ఫోన్‌లో వాడు గాబరాపడి "ఏం గాదు బిడ్డా, మల్లొక్కసారి రాస్తె ఖాయం..." అని మొదలుపెట్టాడు. ఫోన్ నేను అందుకున్నాను.

"ఏమనకు కొడుకా. ఫోన్ గూడ పెట్టకు. పిల్ల ఏడుస్తున్నది, ఇను."

వాడు ఫోన్ పెట్టలేదు. పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని, నోటికి ఏదీ అడ్డం పెట్టుకోకుండా, గొంతెత్తి ఏడ్చింది.