మా చిట్టిని గూట్లోంచి లేపిన అసిరమ్మత్త

మొన్న అరసవల్లి దారిలో ఆటో కోసం నిలబడి ఉంటే, పక్కన ఒకాయన తడి గోనె విప్పి రెండు బాతుల్ని బయటికి తీశాడు. బురద, తవుడు, నానిన ఈకలు, వాటి అడుగున కాస్త నీచు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా వయసులో అరవై ఏళ్ళు ఎటు పోయాయో తెలియలేదు. అంతలో ఒక కుర్రాడు సెల్లు చూస్తూ మిగతావాళ్ళకు చెబుతున్నాడు: బాతు మొద్దుదట, గుడ్డు ఎక్కడ పడితే అక్కడ పడేసి పోతుందట, పొదగడమనేది దానికి తెలియనే తెలియదట. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. మూడో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలూ పంచాయతీ గ్రంథాలయంలోని చిరిగిన పుస్తకాలూ చదువుకుని ఇంతవాణ్ణయినవాణ్ణి, రాసిన మాటంటే నాకు గౌరవమే. కానీ ఒక్క బాతునైనా ఒళ్ళో పెట్టుకోనివాడు బాతు మీద తీర్పు చెబితే సహించలేను. ఆటో వచ్చేసింది కనక అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ చెబుతాను.

మా ఊరు నాగావళికి కొంచెం లోపల ఉండేది. ఊరి పక్కనే పారే సన్నటి ఏరును మేం గెడ్డ అనేవాళ్ళం. వరికోతలు అయ్యాక, మడుల్లో ఇంకా చెమ్మ ఉండగానే, గోదావరి వైపు నుంచి బాతులవాళ్ళు దిగేవారు. వందల బాతులు ఒక్క గొంతుతో అరుచుకుంటూ, రాలిన గింజలూ నత్తలూ ఏరుకుంటూ మడి నుంచి మడికి నడుస్తుంటే, నేల మీద మబ్బు పాకుతున్నట్టు ఉండేది. కర్రాబిళ్ళ ఆట మధ్యలో ఒదిలేసి పిల్లలమంతా గట్ల మీద వాటి వెంట పరిగెత్తేవాళ్ళం. అలా ఒక ఏడు, మంద నడకను అందుకోలేక వెనకబడిపోతున్న కుంటి పిల్ల ఒకదాన్ని బాతులాయన నా చేతిలో పెట్టి తన దారిన పోయాడు. అదే మా చిట్టి. అది నన్ను తల్లి అనుకుందో మంద అనుకుందో గానీ, నేను పళ్ళు తోముకోవడానికి వెళ్ళినా వెంటే వచ్చేది.

ఆషాఢంలో అది గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక దాని బాధ్యత అసిరమ్మత్తకు పోయింది. ఆమె నాన్నకు అప్ప, అంటే అక్క. మామ చనిపోయాక పుట్టింటికి వచ్చి మా వసారాలో ఒక పక్కన వండుకునేది. గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. బాతు తెల్లవారుజామునే గుడ్డు పెడుతుందని, తొందరపడి వదిలితే గెడ్డలోనే పెట్టేసి వస్తుందని ఆమెకు తెలుసు. అందుకని గడప మీదికి ఎండ వచ్చేదాకా వసారా మూల తడిక తీయనిచ్చేది కాదు. నాన్న పొద్దున్నే ఆ గుడ్డు ఉడకబెట్టించుకుని, చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, మూతి తుడుచుకుని పొలానికి పోయేవాడు. ఆ గుడ్డు ఆయనకు అలవాటు కాదు, హక్కు.

దసరా వెళ్ళాక ఒకరోజు తడిక తీస్తే చిట్టి లేవలేదు. గడ్డిలో ఒళ్ళు పరిచేసి, రొమ్ము ఈకలు తానే పీక్కుని కింద పరుచుకుని, చెయ్యి పెట్టబోతే పాములా బుసకొట్టింది. మా వైపు బాతుగుడ్లను కోడి కింద పెట్టి పొదిగించడమే గానీ బాతే పొదగడానికి కూర్చోవడం మేం చూసి ఎరగం. పైగా దాని కింద గుడ్డే లేదు, ఉన్నా ఇంట్లో పోతుబాతు లేదు కనక పిల్లయ్యే ఆశే లేదు. మేత లేదు, నీళ్ళకు పోవడం లేదు, గుడ్డు పెట్టడం అసలే లేదు. వారం గడిచేసరికి నాన్న సహనం అయిపోయింది.

"గైరమ్మ సంబరానికి మీ తమ్ముడొస్తన్నాడు కదా," అన్నాడు అమ్మతో. "అప్పటికి గుడ్డెట్టిందా, ఉంటాది. నేదా, కూరైపోతాది. ఉత్తినే మేపనేను."

"మేత ముట్టందే మేపడమేట్రా సిమ్మాసలం?" అంది అత్త వసారాలోంచి. "సంబరం దాకా ఒగ్గీ. నాను సూస్తాను."

ఊళ్ళో గౌరమ్మను నిలిపి చేసే ఆ సంబరానికి ఇరవై రోజులు కూడా లేవు.

అత్త ఆ రోజే గడ్డంతా ఊడ్చి పారబోసింది. పెరట్లో బాగా వెలుతురు తగిలే చోట ఇటుకల మీద వెదురు తడిక పరిచి, దాని మీద చిట్టిని పెట్టి, పైన సందుల గంప బోర్లించింది. కింద నుంచి గాలి ఆడాలి, ఒళ్ళు దాచుకోవడానికి చీకటి దొరకకూడదు. పూటకోసారి చంకనెత్తుకుని గెడ్డకు తీసుకెళ్ళి, లోతు నీళ్ళలో వదిలి, అది ఒడ్డుకు రాబోతే చేత్తో మళ్ళీ లోపలికి నెట్టేది.

"కడుపు కింద ఏడి సల్లారాల్రా గుంటడా," అనేది నాతో. "ఏడి దిగితే మనసు తిరుగుతాది. కొడితే తిరగదు."

ఆ గంప కింద చిట్టి పెట్టే అరుపు మాత్రం నేను వినలేకపోయాను. తల్లి నుంచి బిడ్డను లాగేసినట్టే అనిపించేది. మధ్యాహ్నం అత్త కలుపుకు పోగానే నేను గంప ఎత్తి, చిట్టిని పాత మూలకు చేర్చి, ఇన్ని గడ్డిపరకలు వేసి, గుడ్లు దొరక్క నాగావళి ఒడ్డున ఏరిన నున్నటి తెల్లరాళ్ళు మూడు దాని కింద పెట్టేవాణ్ణి. అది వాటిని ముక్కుతో ఒకటొకటే లోపలికి జరుపుకుని, కళ్ళు మూసుకునేది. ఆ సుఖం చూస్తుంటే నాకు కడుపు నిండేది. అత్త వచ్చే వేళకు మళ్ళీ గంప కిందే. ఇలా ఐదు రోజులు.

ఆరో రోజు అత్త కొడవలి మరిచిపోయి మధ్యలో వచ్చింది. అలికిడికి చిట్టిని గబగబా గంప కింద పెట్టేశాను గానీ రాళ్ళు తీసే వ్యవధి లేకపోయింది. నా వైపు చూడలేదు, మూలనున్న రాళ్ళను చూసింది. వంగి ఒకటి చేతిలోకి తీసుకుంది. నీడలో ఉన్న రాయి వెచ్చగా ఉంది.

"రాళ్ళు పొదిగిస్తన్నావేట్రా?"

దెబ్బలు పడతాయని గోడకు అతుక్కుపోయాను. ఆమె కొట్టలేదు. చిట్టిని తెచ్చి నా ఒళ్ళో వెల్లకిలా పెట్టి, నా చెయ్యి పట్టుకుని దాని రొమ్ము మీద నిలువుగా రాసింది. ఎప్పుడూ మెత్తగా చేతినిండా ఉండే రొమ్ము మధ్యలో ఎముక కత్తి అంచులా తగిలింది.

"సూసినావా? నువ్వు సేసిన ముద్దు ఇదీ," అంది. "మీ నాన్న సంబరానికి కోస్తానన్నాడు. నువ్వు ఈలోపే సంపీస్తన్నావు."

నా జీవితంలో ఎవరూ నాకు అంత సూటిగా పాఠం చెప్పలేదు. జాలికీ పెంపకానికీ తేడా ఏమిటో తర్వాత చదివిన ఏ పుస్తకమూ అంతకంటే బాగా విప్పలేదు. రాళ్ళు నేనే తీసుకెళ్ళి గెడ్డలో పారేశాను. ఆ తర్వాత గెడ్డకు మోయడం నా పనయింది. పోయిన ఐదు రోజుల గురించి అత్త నాన్నతో ఒక్క మాట అనలేదు.

అక్కణ్ణుంచి నాలుగో రోజు చిట్టి నీళ్ళలో తల ముంచి ఒళ్ళంతా దులుపుకుంది. ఆ సాయంత్రం గంప తీసినా మూలకు పరిగెత్తలేదు, నా వెనక పడింది. అప్పుడు మొదలైంది అత్త మేత: చితగ్గొట్టిన నత్తలు, నానబెట్టిన చోళ్ళు, తవుడు ముద్ద. అంతకుముందు నీళ్ళలోకి నెట్టిన చెయ్యే ఇప్పుడు కొసరి కొసరి తినిపించింది. కానీ గుడ్డు మాత్రం రాలేదు.

సంబరం వచ్చేసింది. డప్పులు, పోకుండలు వేగుతున్న నూనె వాసన, సున్నం కొట్టిన గోడలు. సాలూరులో లారీ క్లీనరుగా చేసే మావ కొత్త లుంగీతో దిగాడు. పొద్దున్న తడిక తీస్తే అత్త మళ్ళీ పరిచిన గడ్డి ఖాళీ. నాన్న కత్తి నూరడానికి కూర్చున్నాడు.

అత్త చిట్టిని చంకన పెట్టుకుని తోక కింద వేళ్ళు పెట్టి చూసింది. గుడ్డు దిగే చోట అటూ ఇటూ రెండు సన్నటి ఎముకలుంటాయి. పెట్టని బాతుకు అవి దగ్గరగా బిగుసుకుని ఉంటాయి, పెట్టేదానికి విచ్చుకుంటాయి.

"మద్దిన రెండు వేళ్ళు పడతన్నాయి," అంది. "రేపొద్దున్న పెడతాది."

మావ నవ్వాడు. "ఒదినా, మా లారీ ఓనరు కూడా అంతే, జీతం ఎప్పుడూ రేపే. నాను కూరకని వస్తే నువ్వు జోస్యం సెప్తన్నావు."

"ఎండుసేప పులుసెడతాను, తినీసి తొంగో. లారీలు కడిగినోడికి బాతెందుకు?"

నాన్న నవ్వలేదు. "రేపు పెట్టకపోతే?"

"నానే కోసి వండుతాను. నువ్వు కత్తి ముట్టుకోనక్కర్నేదు."

నాన్న కత్తి చూరులో దోపాడు. మావ ఎండుచేప పులుసు మూడుసార్లు వేయించుకున్నాడు.

మర్నాడు ఎండ గడప మీదికి వచ్చింది. తడిక తీయడానికి అత్త వెళ్ళలేదు, పెరట్లో వీపు తిప్పి ఊడుస్తూ ఉండిపోయింది. నాన్నే వెళ్ళి కూర్చుని గడ్డిలోకి చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తీసినప్పుడు అరచేతిలో చిన్నది, లేత ఆకుపచ్చ చాయది, మీద సన్నటి నెత్తుటి గీత ఉన్నది, ఒక గుడ్డు.

"అప్పా," అన్నాడు.

"ఎచ్చగున్నాది కదా," అంది అత్త, చీపురు ఆపకుండానే. "అంబలి అక్కడున్నాది, తాగీసి పొలానికెల్లు."

ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు గూట్లోంచి లేవని కోళ్ళనూ బాతులనూ చంకనపెట్టుకుని అత్త దగ్గరికి వచ్చేవారు. ఆమె ఎవర్నీ తిప్పి పంపలేదు. చిట్టి ఇంకా నాలుగేళ్ళు బతికింది, దాని మీద మళ్ళీ ఎవరూ కత్తి ఎత్తలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో బాతు లేదు. మడుల్లో కొట్టే మందులకు నత్త కనిపించదు, బాతులవాళ్ళు మా వైపు రావడం మానేశారు, గెడ్డ మోకాలి లోతు మురుగు. ఇవన్నీ పోయినందుకు కోపముంది, దాచను. కానీ అంతకంటే ఎక్కువ కోపం నా మీదే. గంప, తడిక, నీళ్ళు, మేత, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పగలను, కాగితం మీద రాసి ఇవ్వగలను కూడా. ఒక్కటే ఇవ్వలేను. రెండు వేళ్ళు పడితే రేపు గుడ్డు అనేది అత్త. ఆమె చాలా సన్నటి మనిషి, వేళ్ళూ సన్నవే. నా వేళ్ళు పార పట్టి మొద్దుబారినవి. ఆమె రెండు వేళ్ళంటే ఎంత వెడల్పో, ఆమె బతికుండగా ఒక్కసారి ఆమె చేతికి మా చెయ్యి ఆనించి చూసుకున్నవాళ్ళం లేము.